గొలుసు తాకట్టు పెట్టి ఇచ్చిన దశమభాగం

కృష్ణా డెల్టాలోని ఒక పట్టణం నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు. ఆనవాలు పట్టగలిగే వివరాలు ఒకటి రెండు నేనే తీసేశాను. మిగిలిన కథ ఇది.

ఆమెకు 41 ఏళ్లు. ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, జీతం నెలకు 32 వేలు. పెళ్లికి ముందు నుంచీ జీతం చేతికి రాగానే పదో వంతు తీసి కవరులో పెట్టి, ఆ ఆదివారమే కానుక సంచిలో వేయడం అలవాటు. భర్తకు మోటారు వైండింగ్ షాపు ఉండేది. అప్పులు పెరిగి రెండేళ్ల క్రితం మూతపడింది. ఇప్పుడు ఆయన వేరొకరి దగ్గర 16 వేలకు పనిచేస్తున్నారు. షాపు పోయిన తర్వాత ఏడు నెలలు ఈమె దశమభాగం ఇవ్వలేకపోయారు. వాళ్ల సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం దశమభాగం ఇచ్చినవారి పేర్లు, మొత్తాలతో సహా చదువుతారు. ఏడుసార్లు ఆమె పేరు వినిపించలేదు. ఆ రోజుల్లోనే బైబిల్లోని మలాకీ గ్రంథం మీద వరుసగా ప్రసంగాలు జరిగాయి: దేవుని దగ్గర దొంగిలించేవారు, శాపం, పంటను తినేసే పురుగు. తర్వాత కొద్ది రోజులకే ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న కొడుకు బైకు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

ఆమె తన నాలుగు కాసుల గొలుసు తాకట్టు పెట్టి 95 వేలు తెచ్చారు. అందులో 70 వేలు ఆపరేషన్‌కు పోయాయి. 22,400 రూపాయలు ఏడు నెలల దశమభాగం బకాయి కింద సంఘానికి చెల్లించారు. మిగిలినది మందులకు. ఆసుపత్రి వాళ్లు జీతం మీద అడ్వాన్సు ఇచ్చారని భర్తకు చెప్పారు. గొలుసు బీరువాలో ఉందనే ఆయన ఇప్పటికీ అనుకుంటున్నారు. నూటికి రూపాయి వడ్డీ, అంటే నెలకు 950 చొప్పున 14 నెలలుగా రహస్యంగా కడుతున్నారు.

ఇంతలో పుట్టింటి పొలం అమ్ముడుపోయి ఆమె వాటాకు 11 లక్షలు వచ్చాయి. మూడు లక్షలతో షాపు మళ్లీ తెరవాలని, మిగిలినది కొడుకు ఇంజినీరింగుకూ ఒక పాత ఫ్లాటుకు బయానాకూ ఉంచాలని భర్త ఆలోచన. పాస్టరుగారు ఇంటికి వచ్చి ఆ డబ్బు కోసం ప్రార్థన చేశారు. ప్రార్థన మధ్యలోనే “లక్షా పదివేలు నీ బిడ్డ సంతోషంగా నీ మందిరం శ్లాబు కోసం సమర్పించబోతోంది” అన్నారు. ఈమె ఆమేన్ అన్నారు. వెళ్తూ వెళ్తూ ఆయన, పొలం అమ్మిన డబ్బు విషయంలో అబద్ధమాడి చచ్చిపడిన అననీయ, సప్పీరా దంపతుల కథ గుర్తుచేశారట. ఆ రాత్రి భర్త “ఒక్క రూపాయి ఇచ్చినా నేను ఇంట్లో ఉండను. మీ అయ్యగారి కారు వాయిదాలు మనం కట్టాలా?” అన్నారు.

ఆమె అడుగుతున్నవి ఇవి. ఇవ్వకపోతే శాపం తగులుతుందా? ఇస్తే కాపురం ఏమవుతుంది? 41 ఏళ్లు అద్దె ఇళ్లలో బతికిన మనిషి సొంత ఇల్లు కావాలనుకుంటే అది ధనాపేక్ష అవుతుందా?

అమ్మా,

ముందు మీ అబ్బాయి కాలు సంగతి. ఉత్తరంలో దాన్ని మీరు మూడుచోట్ల ప్రస్తావించారు, మూడుసార్లూ “నా వల్లే” అని రాశారు. మీరు నర్సు. ఎముకల వార్డులో పడుకున్నవారిలో ఎవరు దశమభాగం ఇచ్చారో, ఎవరు ఎగ్గొట్టారో ఏ కేసు షీటులోనైనా మీకు కనిపించిందా? పుట్టు గుడ్డివాణ్ణి చూపించి వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, కన్నవారూ కాదు అన్నాడు యేసు. సిలోయములో గోపురం కూలి చచ్చిపోయిన 18 మంది మిగతావారికన్నా పాపులనుకుంటున్నారా అని ఆయనే మరోచోట నిలదీశాడు. పదిహేడేళ్ల కుర్రాడి బైకు జారితే దానికి రోడ్డు కారణం, వేగం కారణం, టైరు కారణం. 3,200 రూపాయల కవరు కారణం కాదు. ఈ ఒక్క మాట మీ మనసుకు పట్టకపోతే కింద నేను రాసేదేదీ మీకు ఉపయోగపడదు. ఎందుకంటే భయంలో ఉన్న మనిషికి ఎవరు గట్టిగా మాట్లాడితే వారి మాటే దేవుడి మాటలా వినిపిస్తుంది.

ఇక మలాకీ. నేను వృత్తిరీత్యా బోధకుణ్ణి కాను. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, మా సంఘానికి పన్నెండేళ్లు కోశాధికారిగా ఉన్నాను. కానుక సంచులు బోర్లించి చిల్లర లెక్కపెట్టిన చేతులివి. అంచేత ఈ గ్రంథాన్ని కాస్త శ్రద్ధగానే చదవాల్సి వచ్చింది. మలాకీ కాలం క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దం. బబులోను చెరనుంచి తిరిగి వచ్చిన జనం, కొత్తగా కట్టుకున్న మందిరం, ఖాళీగా పడి ఉన్న ధాన్యపు కొట్లు. దాదాపు ఆ రోజుల సంగతే నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయంలో ఉంది: రావలసిన భాగాలు అందక, మందిర సేవ చేసే లేవీయులు దాన్ని వదిలి ఎవరి పొలాలకు వారు వెళ్లిపోయారు. “నా మందిరములో ఆహారముండునట్లు” పదియవ భాగం తెమ్మన్నది అందుకు. తినడానికి గింజలు అన్నమాట. మన పాస్టర్లు మలాకీ మూడో అధ్యాయం ఎనిమిదో వచనంతో మొదలుపెడతారు. అదే అధ్యాయం ఐదో వచనంలో కూలివాడి కూలి బిగబట్టేవారి మీద, విధవరాండ్రనూ తండ్రిలేనివారినీ బాధపెట్టేవారి మీద సాక్ష్యం పలుకుతానని దేవుడు అంటున్నాడు. గ్రంథం మొదట్లో చీవాట్లు తిన్నది యాజకులు, కుంటి పశువును బలిపీఠం మీద పెట్టినందుకు. ఆ అధ్యాయాల మీద వరుస ప్రసంగాలు నేనింతవరకు వినలేదు.

మోషే ధర్మశాస్త్రంలో దశమభాగం ఒకే రకంగా లేదు. సంఖ్యాకాండం 18లో అది లేవీయులకు. వారికి భూమి వాటా లేదు కాబట్టి అదే వారి జీవనాధారం, అందులోంచి వారు మళ్లీ పదో వంతు యాజకుడికి ఇవ్వాలి. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం తెరిచారంటే మీరు ఆశ్చర్యపోతారు. మందిరం దూరమైతే దశమభాగాన్ని సొమ్ముగా మార్చి మూట కట్టుకుని అక్కడికి వెళ్లి, మీకు ఇష్టమైనది కొనుక్కుని, ఇంటిల్లిపాదీ దేవుని సన్నిధిని తిని సంతోషించమని ఉంది. లేవీయుణ్ణి మాత్రం విడవవద్దని హెచ్చరిక. మూడేళ్లకొకసారి ఆ భాగం ఊళ్లోనే ఉంచి పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు పెట్టాలి. అంటే ఒక భాగం సేవకుడికి, ఒక భాగం బీదలకు, ఒక భాగం కుటుంబం అంతా కూర్చుని తినే పండుగకు. మీరు 20 ఏళ్లుగా ఇచ్చిన కవర్లలో మూడోది ఎన్నడైనా ఉందా? మీ ఆయన ఆ కవరును ఎప్పుడైనా నవ్వుతూ చూశారా?

ఆ దశమభాగమంతా భూమి పంట మీదా, మంద మీదా. యేసు పుదీనా, సోపు, జీలకర్రల్లో పదో వంతు ఇచ్చే పరిసయ్యులను మందలించినప్పుడు న్యాయాన్నీ కనికరాన్నీ వదిలిపెట్టారన్నాడు, అయితే “వాటిని మానక” అని కూడా అన్నాడు. పదో వంతు తప్పనిసరి అనేవారు ఈ మాటను పట్టుకుంటారు, వారి వాదనను కొట్టిపారేయను. కానీ పౌలు అన్యజనుల (యూదులు కానివారి) సంఘాలకు రాసిన ఉత్తరాల్లో విరాళాల గురించి పుటలకు పుటలు ఉన్నాయి, పదో వంతు అనే మాట లేదు. “సణుగుకొనకయు బలవంతముగా కాకయు” హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇమ్మన్నాడు. “వర్ధిల్లిన కొలది” ఆదివారం ఆదివారం దాచమన్నాడు. ఆ దాచిన డబ్బు యెరూషలేములోని బీదల కోసం. శ్లాబు కోసం కాదు. (శ్లాబు వేయకూడదని కాదు నా ఉద్దేశం. వానకు తడుస్తూ ఆరాధన చేసిన సంఘంలో పెరిగినవాణ్ణే.)

మొదటి నుంచీ క్రైస్తవులందరూ ఇలాగే ఇస్తున్నారనుకోవడం కూడా సరికాదు. ఐరోపాలో 585లో మాకోన్ సభ దశమభాగాన్ని విధిగా చెప్పింది, 779లో షార్లమేన్ రాజశాసనం చేశాడు. అప్పటి నుంచి అది పన్ను. పన్ను అయిన తర్వాత జనం పన్నును ద్వేషించినట్టే ద్వేషించారు. ఫ్రాన్సులో విప్లవం వచ్చిన 1789లోనే దాన్ని ఎత్తేశారు. ఇంగ్లండులో దాని అవశేషాలు 1936 చట్టం దాకా సాగాయి.

మన దగ్గర కథ వేరు. మన తాతముత్తాతలకు జీతం లేదు, కవరు లేదు. ఉన్నది పిడికెడు బియ్యం. మా నాయనమ్మ ఎసరు మరిగాక చేటలో బియ్యం పోసి, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండను గుడికి మోసుకుపోయేది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్, బీద దళిత సంఘాలు సైతం తమ కాళ్ల మీద తాము నిలబడాలని, మిషనరీ డబ్బు మీద ఆధారపడకూడదని పట్టుబట్టింది ఇలాంటి ఇవ్వడం మీద నమ్మకంతోనే. కోత పండుగనాడు గుమ్మడికాయ, కోడి, కొత్త ధాన్యం తెచ్చి గుడి ముందు వేలం వేయడం మీరూ చూసే ఉంటారు. ఆ పిడికెడులో నాకు నచ్చేది ఒకటి ఉంది. వండిన పూటే పిడికెడు. పొయ్యి రాజుకోని పూట పిడికెడు లేదు, దానికి బకాయి లేదు, పొరుగింట బియ్యం బదులు తెచ్చి కుండ నింపాలన్న నియమం లేదు. ఎవరి కుండలో ఎంత ఉందో చదివేవారూ లేరు, అన్నీ కలిపి ఒకే గంపలో పోసేవారు. మీ 22,400 చదివినప్పుడు నాకు ఆ కుండ గుర్తొచ్చింది. ఆదాయం సగమైపోయిన ఇంట్లో ఏడు నెలలు మీరు ఇవ్వలేదు. దాన్ని మీరు బకాయి అన్నారు. దేవుడు వడ్డీ వ్యాపారి అయితే తప్ప అది బకాయి కాదు.

ఇంత రాశాక మీరు నన్ను దశమభాగానికి వ్యతిరేకిని అనుకుంటారేమో. కాదు. నేను 30 ఏళ్లుగా ఇస్తున్నాను. డబ్బు చేతికి రాగానే అందులో ఒక భాగం నాది కాదనుకోవడం మనిషిని పిసినారితనం నుంచి కాపాడుతుంది. పది అనే అంకె గుర్తుంచుకోవడానికి, లెక్క కట్టడానికి అనువు. మంచి అలవాటు. చట్టమని, చట్టం తప్పితే కాలు విరుగుతుందని చెప్పడం దగ్గరే నాకు పేచీ. “ఇస్తే రెండింతలు వస్తుంది, విత్తనం వేయండి” అని టీవీలో చెప్పేవారిదీ ఇదే వ్యాపారం, తక్కెడ రెండో పక్క నుంచి. భయపడి ఇచ్చినా, లాభానికి ఇచ్చినా ఇచ్చేవాడి కళ్లు తన సంచి మీదే ఉంటాయి.

దశమభాగం చర్చలో మీ అసలు చిక్కు మరుగున పడకూడదు. అది బీరువాలో లేని గొలుసు.

అననీయ కథను మీకు బెదిరింపుగా చెప్పారు. ఆ కథను మీరే ఒకసారి తెరిచి చదవండి, అపొస్తలుల కార్యములు ఐదో అధ్యాయం. వాళ్లూ పొలమే అమ్మారు. పేతురు ఏమన్నాడు? “అది నీయొద్దనున్నపుడు నీదే గదా? అమ్మిన పిమ్మట అది నీ వశమై యుండెను కాదా?” కొంత ఇవ్వడం తప్పు కాదు, ఏమీ ఇవ్వకపోయినా తప్పు కాదు అని పేతురు స్వయంగా చెబుతున్నాడు. కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు అబద్ధమాడటమే ఆ దంపతుల నేరం. మీరు పాస్టరుగారికి అబద్ధమాడలేదు. ఇంట్లో ఆడారు. దేవుడి పేరు మీద ఆడారు కాబట్టి అది అబద్ధంలా మీకు కనిపించడం లేదు, అంతే.

దీన్ని చక్కదిద్దడానికి రెండు దారులున్నాయి. మొదటిది, భూమి డబ్బులోంచి నిశ్శబ్దంగా 95 వేలు కట్టి గొలుసు విడిపించి బీరువాలో పెట్టేయడం. ఆయనకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. కానీ 11 లక్షల్లో 95 వేలు తగ్గితే పాసుబుక్కు చెప్పేస్తుంది, దాన్ని కప్పడానికి మరో కథ అల్లాలి. దొరక్కపోయినా, రేపు ఏ విషయంలో ఆయన మీతో గొడవపడ్డా ఆ కథ మీ గొంతులో అడ్డం పడుతుంది. రెండోది, చెప్పేయడం. ఆయనకు కోపం వస్తుంది. 70 వేలు కొడుకు కాలుకు వెళ్లాయన్నది ఆయన కోపాన్ని కొంత తగ్గించవచ్చు, 22,400 మాత్రం పెంచుతుంది. “నీకు నాకన్నా వాళ్లే ఎక్కువ” అని అనవచ్చు. ఆ మాటలో ఒక నొప్పి ఉంది, దాన్ని వినండి. షాపు మూసుకున్న మగవాడు, ప్రతి నెలా తన ఇంటి డబ్బులో మొదటి కవరు మరొకరి చేతికి వెళ్లడం చూస్తున్నాడు. ఆ మరొకరిని ఊరంతా అయ్యగారూ అని పిలుస్తుంది. ఆయన కారు గురించి అన్నది కారు గురించి కాకపోవచ్చు. అయ్యగారి కారు వాయిదాల సంగతి నాకు తెలియదు, మీకూ తెలియదు, మీ ఆయనకూ తెలిసి ఉండదు.

నన్నడిగితే రెండో దారి కష్టమైనా మేలు. అయితే మీ ఆయన కోపం వస్తే చెయ్యి చేసుకునే మనిషో, మాటతో ఆపే మనిషో ఉత్తరంలో లేదు. మొదటి రకమైతే ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పవద్దు. మీ అన్నయ్యనో, ఆయన మాట వినే పెద్దవారినో పక్కన పెట్టుకోండి.

ఇక లక్షా పదివేలు. ఆమేన్ అన్నాను కదా, మొక్కుబడి అయిపోలేదా అని మీరు అడుగుతారు. మొక్కుకుంటే ఆలస్యం చేయకుండా చెల్లించమని ప్రసంగి గ్రంథంలో ఉంది, నిజమే. కానీ మొక్కినది మీరు కాదు. అంకె ఆయనది, నోరు ఆయనది. మర్యాదకు మీరు ఆమేన్ అన్నారు. భార్య మొక్కును భర్త విన్న రోజే కాదంటే ఆ మొక్కు చెల్లదని సంఖ్యాకాండం 30లో ఒక నియమం ఉంది, దాన్ని అడ్డుపెట్టుకుని తప్పుకోమని ఎవరైనా మీకు సలహా ఇవ్వవచ్చు. నాకది ఇష్టం లేదు. ఆస్తి మీది, మీ పుట్టింటిది. ఇవ్వాలో వద్దో మీ నోటితో మీరు చెప్పాలి.

పూర్తి మొత్తం ఇవ్వవచ్చు. ఇంకా 9 లక్షల 90 వేలు మిగులుతాయి, లెక్క ప్రకారం షాపు, గొలుసు, చదువు ఆగిపోవు, ఫ్లాటు బయానాయే తగ్గుతుంది. మీ ఆయన మనస్ఫూర్తిగా సరేనంటే ఇది ఘనమైన పని. ఆయన కాదంటుంటే ఇవ్వడం చట్టప్రకారం మీ హక్కే, కానీ ఆ శ్లాబు కింద కూర్చున్న ప్రతి ఆదివారం మీకు పాట కన్నా పోట్లాట ఎక్కువ వినిపిస్తుంది.

లేదా ఇందులోంచి ఏమీ తీయకుండా, ఇది సంపాదించే దానిలోంచి ఇవ్వవచ్చు. పాత నిబంధన దశమభాగం కాయల మీద, చెట్టు మీద కాదు. మీ నాన్నగారి పొలం డబ్బు రూపంలోకి మారింది, పండలేదు. అది షాపుగా మారి నెలకు లాభం తెస్తే ఆ లాభంలో భాగం ఇవ్వడం ఆ లెక్కకు దగ్గరగా ఉంటుంది. ఈ దారిలో ప్రమాదమేమిటంటే, షాపు లాభం ఎప్పుడూ “వచ్చే నెల చూద్దాం” దగ్గరే ఉంటుంది. బ్యాంకులో ఎంతమంది వ్యాపారుల లెక్కలు చూశానో! వసూళ్లు ఉంటాయి, లాభం మాత్రం కాగితం మీదకు రాదు. పాస్టరుగారికి నిరాశ కలుగుతుంది, ఆయన ఈపాటికే పనివాళ్లను మాట్లాడుకుని ఉంటే ఇబ్బంది కూడా. అందుకని మెలికలు పెట్టకుండా తొందరగా చెప్పాలి.

మూడోది, ఇద్దరూ కూర్చుని ఒక కృతజ్ఞతార్పణ మొత్తం అనుకోవడం. ఇరవై వేలో, యాభై వేలో. అందులో కొంత గుడికి, కొంత మీ ఇద్దరికీ తెలిసిన ఎవరికైనా, మీ వార్డులో భర్త పోయి పిల్లల ఫీజు కట్టలేకపోతున్న ఆయా లాంటివారికి. ఎవరికన్నది మీ ఆయనను ఎంచుకోమనండి. ఇది ఇద్దరికీ పూర్తి తృప్తినివ్వదు. పాస్టరుగారు “సగం మనసు” అనవచ్చు, మీ ఆయన “అయినా ఇచ్చావుగా” అనవచ్చు. కానీ తన చేత్తో ఇచ్చిన మనిషికి ఇవ్వడం మీద కోపం ఉండటం కష్టం.

ఏ దారి పట్టినా ముందు గొలుసు. “మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు”, అంటే బాకీ ఉండవద్దు, అన్నదీ పౌలే. నెలకు 950 వడ్డీ కడుతూ కానుక ఇవ్వడం అంటే తాకట్టు వ్యాపారి డబ్బును దేవుడికి ఇవ్వడం. మిగిలినదాన్ని ఆరు నెలలు ఫిక్సెడ్ డిపాజిట్‌లో పెట్టి ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఉండటం కూడా ఒక నిర్ణయమే. భయం చల్లబడ్డాక మనిషి బాగా ఆలోచిస్తాడు. మరిచిపోతామని అనుమానం ఉంటే క్యాలెండరులో తేదీ రాసుకోండి.

నెలనెలా 3,200 సంగతికి పెద్ద చర్చ అక్కరలేదు. మీ జీతం, మీ అలవాటు, ఆయనకు తెలిసే ఇస్తే మంచిదే. ఇల్లు గడవని నెల తగ్గించండి. మీ అత్తగారి షుగరు మందులు ఆపి కవరు నింపే పరిస్థితి వస్తే, తల్లిదండ్రులకు ఇవ్వవలసినది “కొర్బాను” అని దేవుడికి రాసిచ్చేవారిని యేసు ఏమన్నాడో మార్కు ఏడో అధ్యాయంలో చూడండి. తన ఇంటివారిని సంరక్షించనివాడు “అవిశ్వాసికన్న చెడ్డవాడై యుండును” అని తిమోతికి రాసిన మొదటి పత్రిక. ఇంతకన్నా కటువైన మాట కొత్త నిబంధనలో దశమభాగం ఎగ్గొట్టేవారికి కూడా లేదు.

పాస్టరుగారికి న్యాయం చేయాలంటే ఇది కూడా చెప్పాలి. డయాసిస్, సినడ్ లాంటి పై వ్యవస్థల నుంచి జీతం వచ్చే పాస్టర్ల మాట వేరు. స్వతంత్ర సంఘం కాపరికి మీ కవర్లే జీతం. ఆయన పిల్లల ఫీజు కూడా వాటిలోనే ఉంది. మీలాంటి పదిమంది ఆపేస్తే ఆయన ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ భయం ఆయనకూ ఉంటుంది, ఒక్కోసారి ఆ భయమే ప్రసంగమై బయటికొస్తుంది. కాబట్టి ఆయనను దొంగగా చూడనక్కరలేదు. లెక్కలు అడగడం మాత్రం అవమానం కాదు. శ్లాబుకు అంచనా ఎంత, ఇంతవరకు వసూలైనది ఎంత, ఖాతా ఎవరి పేరున ఉంది, చెక్కు మీద ఎన్ని సంతకాలు? మా సంఘంలో కానుక సంచి ఇద్దరు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేసేవారు, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో లెక్క చదివేవాళ్లం. ఇచ్చినవారి పేర్లు కాదు, ఖర్చుపెట్టిన పద్దులు చదివేవాళ్లం. మీ సంఘంలో ఇది తిరగబడింది. ఇచ్చినవారి పేర్లు మైకులో, ఖర్చు పద్దులు చీకట్లో. “నీ కుడిచెయ్యి చేయునది” ఎడమచేతికి తెలియకూడదన్న బోధ వినే సంఘమే కదా మీది కూడా! ఇకమీదట నా పేరు చదవవద్దని మీరు మర్యాదగా అడగవచ్చు. మీ ఒక్కరి పేరు ఆగితే ఇంకొందరికి ఊపిరి ఆడవచ్చు. అడిగినందుకు మిమ్మల్ని దూరం పెడితే, ఊళ్లో ఇంకో గుడికి వెళ్లే స్వేచ్ఛ మీకుంది. కాకపోతే ఇరవై ఏళ్ల స్నేహాలు, రోగమొస్తే వచ్చి ప్రార్థన చేసే ఆడవాళ్లు, అవన్నీ ఒక్కసారిగా వదులుకోవడం మాటలు కాదు. దాన్ని ఆఖరి మెట్టుగానే ఉంచండి.

చివరగా ఇల్లు. “ధనాపేక్ష సమస్తమైన కీడులకు మూలము” అన్న పత్రికలోనే, ఏడు వచనాల తర్వాత, ధనవంతులు అస్థిరమైన ధనాన్ని నమ్ముకోకుండా, “సుఖముగా అనుభవించుటకు” సమస్తాన్నీ ధారాళంగా ఇచ్చే దేవుణ్ణి నమ్ముకోవాలని ఉంది. అనుభవించడానికి అన్న మాట అక్కడ ఉంది, నేను చేర్చింది కాదు. అబ్రాహాము ధనవంతుడు. పన్నులు వసూలు చేసి ధనవంతుడైన జక్కయ్య సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, అంతా వదిలేస్తాననలేదు, ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు యేసు. రెండు గదుల పాత ఫ్లాటు కోరుకునే నర్సును ఐశ్వర్యవంతుల జాబితాలో చేర్చడానికి నాకు మనసొప్పదు. సామెతల గ్రంథంలో ఒకాయన “పేదరికమునైనను ఐశ్వర్యమునైనను నాకు దయచేయకుము, తగినంత ఆహారము నాకు అనుగ్రహింపుము” అని వేడుకుంటాడు. అద్దె పెరుగుతుందేమో అని ప్రతి జనవరిలో గుండె దడదడలాడకుండా ఉండటం ఆ “తగినంత”లోకే వస్తుందని నా నమ్మకం. ఫ్లాటు వచ్చాక పక్కింటివారి మూడు గదుల ఫ్లాటు చూసి నిద్ర పట్టకపోతే అప్పుడు మళ్లీ రాయండి, అప్పటి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఈ ఆదివారం గుడికి వెళ్లే ముందు మీ ఆయనతో మాట్లాడండి. గొలుసు గురించి చెప్పేటప్పుడు తాకట్టు రసీదు, 14 నెలల వడ్డీ చీటీలు అన్నీ ఆయన చేతికి ఇవ్వండి. ఏదీ దాచుకోవద్దు, ఆ 22,400 రసీదు కూడా.